వెయిట్ చెయ్యమన్న నెల

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకొని బతికినదాన్నే అయినా ఆ భాషలో ఒక క్రియాపదం అంటే నాకు మొదటినుంచీ పడదు. వెయిట్. ఇప్పుడది ఇంగ్లీషు మాట అని కూడా ఎవరికీ గుర్తులేదు. బస్సు కండక్టరు అంటాడు, ఆసుపత్రి ఆయా అంటుంది, రేషను కొట్టువాడు అంటాడు: వెయిట్ చెయ్యండి. మనకి ఉండండి అనీ, ఆగండి అనీ మాటలున్నాయి. ఆ మాటలు అన్నవాడు కాసేపట్లో మళ్ళీ కనిపిస్తాడు. వెయిట్ చెయ్యండి అన్నవాడు మాత్రం లోపలికి పోయి టీ తాగుతాడు.

అసలు నాకు కాలు నిలవదు. చిన్నప్పుడు అమ్మ నాకు అన్నం పెట్టేటప్పుడు కుడిచేత్తో ముద్ద కలుపుతూ ఎడమచేత్తో నా చీలమండ పట్టుకొని కూర్చునేది. పట్టు వదిలితే రెండో ముద్దకి నేను వీధిలో ఉండేదాన్ని. "ఈ గుంట కాళ్ళకి సక్రాలు కట్టుకొని పుట్టీసింది" అని ఇరుగమ్మలకి చెప్పుకొని నవ్వేది. మా అక్క నాకు పూర్తిగా వేరు. పెట్టిన చోట కూర్చునేది, పిలిస్తే వచ్చేది, రమ్మనేదాకా వచ్చేది కాదు.

ఎనభైల్లో, నేను హైస్కూల్లో టీచరుగా కుదురుకున్నాక, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. "టీచర్, హోటల్లో టిఫిన్ తెచ్చీవోడు బేగి బేగి తిరుగుతాడు కదండీ, మరి ఆడ్ని వెయిటర్ అంటారేటండీ?" మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపటిదాకా ఆగలేక ఇంటర్వెల్లోనే స్టాఫ్ రూం బీరువా తీయించి, దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద నిఘంటువు దించి చూశాను.

వెయిట్ అంటే మొదట్లో ఊరికే కూర్చోవడం కాదట. కాపలా కాయడమట. కన్ను వాల్చకుండా చూడడం, శత్రువు కోసం పొంచి ఉండడం కూడా అదేనట. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట గాని, ఇంకా వెనక్కి వెళ్తే జర్మన్ జాతుల మాటల్లో తేలుతుంది. మేలుకోవడాన్ని చెప్పే వేక్, కనిపెట్టి చూడడాన్ని చెప్పే వాచ్, ఈ వెయిటూ అక్కడ ఒకే ఇంటి పిల్లలు. కోట గోడల మీద మేలుకొని కొమ్ము ఊదే కావలివాళ్ళని ఇంగ్లీషువాళ్ళ దేశంలో వెయిట్స్ అని పిలిచేవారట. ఒకచోట ఉండిపోవడం అనే అర్థం చాలా ఏళ్ళ తర్వాత వచ్చి చేరిందట. వెయిటర్ కూడా మన అవసరం ఏమిటో కనిపెట్టి చూస్తూ ఉండేవాడు.

బెల్లు కొట్టారు. నేను పుస్తకం మూయలేదు. హెడ్మాస్టరు వచ్చి క్లాసు ఖాళీగా ఉందమ్మా అన్నదాకా అక్కడే నిలబడి ఉన్నాను. నా కళ్ళ ముందు రెండు ప్లాట్‌ఫారాలు కనిపిస్తున్నాయి. ఒకటి కొండ మీదిది, ఒకటి కొండ కిందిది.

అది డెబ్భైల నడిమి మాట. పెళ్ళయి నేను కాపురానికి వెళ్ళింది అనంతగిరి కొండల్లో, ఈ సొరంగానికీ ఆ సొరంగానికీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న స్టేషనుకి. మా ఆయన అక్కడ అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. స్టేషను, నాలుగు క్వార్టర్లు, గ్యాంగ్‌మన్ల పాకలు, వెనక గెడ్డ అని పిలిచే కొండవాగు, దాని అవతల కాఫీ తోట, ఆపైన కొండ. రోజుకి ఒక పాసింజరు మధ్యాహ్నం పైకి పోయేది, ఒకటి సాయంత్రం కిందికి దిగేది. మిగతా పొద్దంతా ఇనుపరాయి మోసే గూడ్సు బళ్ళు. అవి వెళ్తుంటే క్వార్టరు గోడమీది అద్దం వణికేది, అందులో నా మొహం కూడా వణికేది.

స్టేషన్లో వెయిటింగ్ రూం అని బోర్డున్న గది ఒకటి ఉండేది. దానికి తాళం. లోపల సిమెంటు బస్తాలు. నేను వెయిట్ చేసింది ప్లాట్‌ఫారం మీద, ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ. ఏ పనీ లేకపోయినా నడిచేదాన్ని. నీళ్ళు తేవడానికి ఒక్క బిందె చాలితే రెండుసార్లు వెళ్ళేదాన్ని. మా ఆయన కిటికీలోంచి చూసి "లైను పెట్రోలింగు సేత్తన్నావేటి? రైల్వేకి రాసి జీతం ఇప్పించమంటావా?" అనేవాడు. ఆయన నిదానస్తుడు. ఏది అడిగినా "వెయిట్ చేద్దాం" అనేవాడు. బళ్ళని ఆపి వదిలే ఉద్యోగంలో ఉన్న మనిషికి ఆ మాట నోటికి పట్టేసింది.

మాతో మా అత్త ఉండేది. మంచి మనిషే. వంట బ్రహ్మాండంగా చేసేది. నోరు మాత్రం మెత్తన కాదు. తిథి, వారం, వర్జ్యం లేకుండా గడప దాటేది కాదు. నాకు నెల తప్పిన సంగతి నాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. నాకంటే మూడేళ్ళు పెద్దది. దాని తొలి కాన్పుకి మా వాళ్ళు తీసుకురావాల్సి ఉండగా మంచిరోజు కుదరలేదు. ఒక వారం ఆగుదాం అన్నారు రెండిళ్ళవాళ్ళూ. ఆ వారంలోనే అత్తారింట్లో నొప్పులొచ్చాయి. తల్లీ బిడ్డా క్షేమం అని మధ్యాహ్నం కబురొచ్చింది. అమ్మ దేవుడికి దీపం పెట్టింది. సాయంత్రం ఇంకో మనిషి వచ్చాడు. బిడ్డ ఉంది, అక్క లేదు. కొన్నాళ్ళకి బిడ్డ కూడా దక్కలేదు. ఆ తర్వాత అమ్మ ఆ దీపం కుందె మళ్ళీ ముట్టుకోలేదు, అటక మీద పడేసింది.

అందుకని నా కాన్పు మా అమ్మకి ప్రాణం మీది సంగతి. పుట్టింట్లో, తన కళ్ళ ముందు, తన చేతుల్లో జరగాలి. నాకూ అదే కావాలి. ధైర్యవంతురాలినని చెప్పుకోను. రాత్రిళ్ళు కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా అక్క గుర్తొచ్చి చెమట పట్టేది. అమ్మ దగ్గరికి చేరితే నాకేమీ కాదని ఒక మొండి నమ్మకం ఉండేది. మా పుట్టిల్లు శృంగవరపుకోట, మా నోట ఉత్త కోట. ఇదే రైలు లైను మీద, కొండ దిగగానే. సాయంత్రం పాసింజరు ఎక్కితే రాత్రి భోజనానికి అమ్మ ముందు పీట వేసుకోవచ్చు. అంత దగ్గర.

అంత దగ్గరైనా వెళ్ళడం కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్తే నా క్లాసు పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు.

మా వైపు తొలిచూలు పిల్లని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి, తనంతట తాను బయల్దేరకూడదు. అదీ బేసి నెలలోనే. సరి నెలలో కడుపుతో ఉన్న పిల్లని గడప దాటించరు, ఎనిమిదిలో అసలే దాటించరు. ఇంతవరకూ రెండిళ్ళకీ ఒకే మాట. పేచీ అంతా లెక్క దగ్గర వచ్చింది. నెల తప్పిన నెలని మా అమ్మ ఒకటి అని లెక్కపెట్టింది. అది ఖాళీ నెల, ఆ పై అమావాస్య వెళ్ళాక వచ్చిందే ఒకటి అని మా అత్త లెక్క. కాబట్టి అమ్మకి ఏడు వచ్చినప్పుడు అత్తకి ఆరు. అత్తకి ఏడు వచ్చేసరికి అమ్మకి ఎనిమిది. ఒకరికి బేసి అయితే రెండో వారికి సరి. అరకు ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగితే ఆవిడ వారాల్లో చెప్పింది. ఆ లెక్క ఎవరికీ ఎక్కలేదు.

ఈ చిక్కు నాకు తెలిసిన రోజున మా ఆయనతో అన్నాను. "ఈ లెక్కన నేను ఎప్పటికీ కదలను. మీ అమ్మగారూ మా అమ్మా ఇద్దరూ ఒప్పుకొనే నెల కేలండర్లో లేదు." ఆయన నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి ఆలోచించాడు. ఆలోచించి "వెయిట్ చేద్దాం, ఏదో ఒకటి తేలుతుంది" అన్నాడు. ఆ మాటకి నేను చేతిలో ఉన్న గరిటె గోడకేసి కొట్టాను.

అమ్మ లెక్కలో తొమ్మిదో నెల రాగానే నాన్న వచ్చాడు. ముసురు పట్టి ఉంది. పాసింజరు దిగి, గొడుగు దులుపుకొని, పళ్ళూ పసుపూ కుంకుమా చీరా ఉన్న సంచీ మా అత్త చేతికిచ్చాడు. ఆయన భోజనం చేసినంతసేపూ ఎవరూ అసలు మాట ఎత్తలేదు. నా ట్రంకుపెట్టె తాళం వేసి గుమ్మం దగ్గర పెట్టుకొని నేను ఆ పెట్టె మీదే కూర్చున్నాను. కిందికి దిగే పాసింజరు వేళ దగ్గరపడ్డాక మా అత్త మొదలుపెట్టింది.

"అన్నియ్యా, మీరు మరోలాగ అనుకోకండి. అమాస ఎల్లితే గాని తొమ్మిది రాదు. ఇప్పుడు నడస్తంది ఎనిమిది. ఎనిమిదిలో పిల్లని గడప దాటించీసి, రేపేటైనా అయితే నానేటి జవాబు సెప్పుకోవాల?"

"మా ఇంటిదాని లెక్కలో తొమ్మిది పడిపోనాది చెల్లెమ్మా. మీ లెక్క పెకారం వస్తే మాకు పదో నెల అవుద్ది. పదిలో రైలెక్కించగలమా?"

"ఒదిన బయపడి ఓ నెల ముందుకి జరిపీసింది, అంతే. ఆవిడ కడుపుకోత నాకు తెల్దా? అమాస మర్నాడు రండి. పిల్లని నానే సీర కట్టి బొట్టెట్టి అంపుతాను."

నాన్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన వాళ్ళ అమ్మ వైపు చూశాడు. నేను అందరి వైపూ చూశాను. ఎవరూ నన్ను చూడలేదు. "నాకు ఎన్నో నెలో నన్ను అడిగినోళ్ళు లేరేటి?" అన్నాను పెట్టె మీంచి లేచి. మా అత్త "నువ్వు ఊరుకో పిల్లా, పెద్దోళ్ళు మాటాడుతన్నప్పుడు" అంది. నాన్న కూడా ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందంటే, పెట్టె నేనే మోసుకొని ప్లాట్‌ఫారం మీదికి పోయాను. గార్డు పచ్చజెండా ఊపేదాకా అక్కడే నిలబడ్డాను. నాన్న ఒక్కడూ ఎక్కాడు.

కిటికీలోంచి వంగి మెల్లగా చెప్పాడు. "అమ్మా, మీ అమ్మ లెక్క మీద నాకూ అనుమానమే. బయంతో ముందే కలిపీసిందేమో. అమాస దాటగానే వచ్చీత్తాను. అంతవరకూ ఓపిక పట్టు." బండి సొరంగంలోకి పోయింది. దాని పొగ వాసన చాలాసేపు అక్కడే ఉంది. నేను పెట్టె ఈడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ రాత్రే వాయుగుండం అన్నారు రేడియోలో. ఆ వాన గురించి ఎంత చెప్పినా తక్కువే. కొండ కనిపించడం మానేసింది. గెడ్డ మా పెరటి కంచె దాకా వచ్చింది. తెల్లవారకుండానే కింది సొరంగం అవతల కొండచరియ విరిగి, బండరాళ్ళూ మట్టీ చెట్లతో సహా పట్టాల మీద పడ్డాయి. ఒకచోట కాదు, పలుచోట్ల. లైను మూసేశారు. ఘాట్ రోడ్డు కూడా తెగిందని చెప్పారు. తెగకపోయినా నాకు ఒరిగేది లేదు, గెడ్డ దాటి ఆ రోడ్డుకి చేరే స్థితిలో నేను లేను.

బళ్ళు ఆగిపోతే ఆ స్టేషను ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అద్దం వణకడం లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు పిచ్చెత్తినట్టుంది. కాలుగాలిన పిల్లిలా ప్లాట్‌ఫారం మీద తిరిగాను. రాళ్ళు జారే చోట్ల ఎర్రజెండా పట్టుకొని కూర్చునే వాచ్‌మన్లు డ్యూటీ దిగి ఇటుగా పోతుంటే ఆపి అడిగేదాన్ని, ఎంత తీశారు, ఇంకెంత ఉంది అని. వాళ్ళు ఒకటే జవాబు చెప్పేవారు, తీసినంత మళ్ళీ పడతంది అని.

రెండో రోజు సాయంత్రం మా ఆయన స్టేషనులోంచి ఇంటికొచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య మాట్లాడుకొనే ఫోనులో కోట స్టేషనువాళ్ళు ఒక సంగతి చెప్పారట. మా అమ్మ అక్కడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంది. నాన్న ఒంటరిగా తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, అమావాస్యా వద్దు, ఎవరి లెక్కా వద్దు అని బట్టల మూట కట్టుకొని బండెక్కడానికి వచ్చేసింది. బండి రద్దయింది. వెయిట్ చెయ్యండమ్మా, లైను తెరవగానే వెళ్దురుగాని అన్నారట. ఆ మాట పట్టుకొని అక్కడే కూర్చుంది. లైను తెరవడానికి రోజులు పడతాయి, ఇంటికెళ్ళండి, కబురు చేస్తాం అంటే లేవలేదు. పట్టాలు కొండలోకి తిరిగే వైపు మొహం పెట్టి కూర్చుంది. నాన్న అక్కడికే అన్నం తీసుకొస్తున్నాడు. పడుకోవడం లేదట. కునుకు పడితే ఉలిక్కిపడి లేచి, బండి వెళ్ళిపోనాదా అని పోర్టరుని అడుగుతోందట.

విని నేను ఏడ్చాను. మా అత్త కూడా కొంగు నోట్లో పెట్టుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఒక్క గిన్నె కూడా సడి చెయ్యకుండా వంట చేసింది. ఆవిడ అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ వానలోనే మర్నాడు అడ్డాకులమ్మ వచ్చింది. కొండ మీది ఊరి ముసలిమనిషి. విస్తర్లకి అడ్డాకులు, చీపుర్లు, ఒక్కోసారి అల్లం తెచ్చి క్వార్టర్లలో ఇచ్చేది. అందుకే మాకు అడ్డాకులమ్మ. తల మీద తాటాకు గొడుగు, చెయ్యంత పొడవు చుట్ట. రైలు ఆగినా ఆవిడ దారి ఆగలేదు. ఆకుల మోపు దించి, ప్లాట్‌ఫారం మీద నా తిరుగుడు కాసేపు చూసి, మా గుమ్మం పక్కన చతికిలబడింది. వెదురు పుల్లలు చీల్చుకొని విస్తరి కుట్టడం మొదలుపెట్టింది. విస్తర్లు అక్కర్లేదన్నాను. నా కోసమే కుట్టుకుంటన్నానంది. మధ్యాహ్నమైనా కదల్లేదు.

"ఇంటికెల్లవా?" అన్నాను.

"మా ఊర్ల నెలలు నిండిన మనిషిని ఒంటిగ ఒగ్గరు మాస్టరమ్మా. ఎవలో ఒకలు గుమ్మంకాడ కూకుంటరు."

"కూకుని ఏటి సేత్తారు?"

"సూస్తరు."

"సూసి?"

"సూస్తరంతే." విస్తరి తిప్పి చూసుకొని ఇంకో పుల్ల గుచ్చింది. "మీ ఆయన రైలు సూడాల. మీ అత్త పొయ్యి సూడాల. నిన్ను సూసీవోలు ఎవలు?"

నాకు ఒళ్ళు మండింది. నన్నెవరూ చూడక్కర్లేదు, నన్ను కిందికి దింపేవాళ్ళు కావాలి అన్నాను. ఆవిడ చుట్ట ముట్టించుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆపై రోజు కూడా. సాయంత్రం పోయేటప్పుడు గ్యాంగ్‌మన్ పెళ్ళాన్ని పిలిచి తన చోట కూర్చోబెట్టి పోయేది. మా అత్త మొదట గొణిగింది, తర్వాత ఆవిడకి గ్లాసుతో టీ ఇవ్వడం మొదలుపెట్టింది.

అత్త చెప్పిన అమావాస్య ఇంకా రాలేదు. ఆ రోజు వాన కొద్దిగా తెరిపిచ్చింది. భోజనాలయ్యాక యథాప్రకారం నడుస్తున్నాను. పొద్దుటినుంచీ నడుము లాగుతోంది గాని ఎక్కువ నడవడం వల్ల అనుకున్నాను. ప్లాట్‌ఫారం చివర దీపస్తంభం దగ్గర నిలబడిపోయాను. నిలబడ్డానని నాకు తెలియనే లేదు. అడ్డాకులమ్మ చేతిలో విస్తరి కింద పెట్టి లేచింది. "మాస్టర్‌గారి అమ్మా, బేగి రా. మీ కోడలు నడక ఆపీసింది" అని మా అత్తని కేకేసింది.

అది నొప్పులే. మా అత్త "ఇంకా నెలుంది కదే, ఇప్పుడేటే" అని ఒకటే మాట అంటోంది. గ్యాంగ్‌మన్ పెళ్ళాం వచ్చి వేడినీళ్ళు పెట్టింది. నలుగురు పిల్లల్ని ఆ పాకలోనే కన్న మనిషి, నాకు పురుడు పోసింది ఆవిడే. అడ్డాకులమ్మ ఒక చెయ్యీ వెయ్యలేదు. తలుపు దగ్గర కూర్చుని నా మొహం వైపు చూస్తూ ఉంది. నేను చచ్చిపోతాననుకున్నాను. గట్టిగా అరిచి మరీ చెప్పాను, అక్కలాగే పోతాను, అమ్మకి చెప్పండి అని. కళ్ళు తెరిచినప్పుడల్లా ఆ ముసలిది అక్కడే ఉంది, చూపు తిప్పలేదు. నాకు అంతకంటే వేరే ఆధారం లేకపోయింది. ఆ చూపు పట్టుకొనే ఈదాను.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. మా అత్త పిల్లని తుడుస్తూ తుడుస్తూ ఆగి, ఆ వేళ్ళు దీపం దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది. గోళ్ళు వేళ్ళ చివర దాటి పెరిగి ఉన్నాయి. నెలలు పూర్తిగా నిండిన బిడ్డ. మా అమ్మ లెక్కే సరి. ఆవిడ పిల్లని గుండెకి ఆనించుకొని గోడవైపు తిరిగి నిలబడింది.

మా ఆయన పరుగెత్తుకెళ్ళి కోటకి ఫోను చేశాడు. తల్లీ బిడ్డా క్షేమం. పోర్టరు పరుగెత్తుకెళ్ళి మా అమ్మకి చెప్పాడట. "సూసినోలు ఎవరు?" అని అడిగిందట ఆవిడ. ఫోనులో చెప్పారమ్మా అంటే, "అప్పుడూ ఇలాగే సెప్పారు" అని మళ్ళీ పట్టాలవైపు తిరిగి కూర్చుందట. నాన్న ఇంటికి రమ్మని బతిమాలితే, మనిషిని చూశాకే వస్తానందట. ఈ సంగతి మా ఆయన నాకు చెప్పలేదు, మా అత్తకి చెప్తుంటే విన్నాను. అమ్మ ఆలోచన నాకు పూర్తిగా అర్థమైంది. అక్క విషయంలో కూడా మొదట వచ్చింది క్షేమమన్న కబురే. రెండో మనిషి వచ్చింది ఆ తర్వాతే.

లైను తెరిచాక మొదటి పాసింజరు మనిషి నడకతో వచ్చింది. రాళ్ళు తీసిన చోటల్లా ఆగుతూ, కూత పెడుతూ వచ్చింది. నేను మంచం మీంచి వింటున్నాను. అమ్మ దిగి, మా ఆయన్ని పలకరించకుండా, నాన్న వస్తున్నాడో లేదో చూడకుండా, మూట చంకన పెట్టుకొని క్వార్టరువైపు వచ్చింది. మా అత్త గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడి ఉంది.

"ఒదినా, లెక్క నాదే తప్పు" అంది. ఆవిడ నోట ఆ మాట ఆ ముందూ ఆ తర్వాతా నేను వినలేదు.

"లెక్కెవరిదైతే ఏటి ఒదినా. మనిషి ఏదీ?" అంది అమ్మ.

లోపలికొచ్చి మంచం పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, చీరంతా బొగ్గు నుసి. ఉయ్యాలలో పిల్ల ఉంది, అటు చూడలేదు. నన్నే చూస్తూ "ఓ పాలి లెగమ్మా" అంది. లేచాను. "నడు." మంచం నుంచి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఇంకోసారి నడవమంది. నడిచాను. చిన్నప్పటినుంచీ ఈ కాళ్ళని పట్టి ఆపడమే గాని, నడిపించి చూడడం అమ్మకి అదే మొదలు. అప్పుడు వెళ్ళి పిల్లని చూసింది. ముక్కు నీదే అంది.

నన్ను మళ్ళీ పడుకోమని, తను మంచం కాళ్ళవైపు నేల మీద కూర్చుంది. కోటలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. పోర్టరు మంచివాడని, రోజూ మంచినీళ్ళు ఇచ్చాడని చెప్తూ, అలవాటుగా ఎడమచేత్తో నా చీలమండ పట్టుకుంది. మాట మధ్యలో ఆగింది. చూస్తే మంచం పట్టెకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి మాత్రం వదలలేదు.

పురుడయ్యాక కూడా రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటున్న అడ్డాకులమ్మ విస్తర్లు కట్టగా కట్టుకొని, చుట్ట చెవిన పెట్టుకొని లేచింది. అమ్మని ఒకసారి చూసి కొండదారి పట్టింది.

గూడ్సు బళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి పోతుంటే గోడమీది అద్దం వణికింది, మంచం వణికింది. పిల్ల లేచి ఏడ్చింది, మా అత్త ఎత్తుకొని వంటింట్లోకి తీసుకుపోయింది. అమ్మ లేవలేదు. నా కాలు తిమ్మిరెక్కి, తర్వాత నొప్పెట్టి, తర్వాత అసలు ఉందో లేదో తెలియకుండా పోయింది. మా అత్త తొంగిచూసి, "కాలు తీసుకో పిల్లా, మొద్దుబారిపోద్ది" అని గుసగుసగా అంది. వద్దని తల ఊపాను.

దీపాలు పెట్టే వేళదాకా అమ్మ నిద్రపోయింది. నేను కాలు కదపలేదు.